కొమ్ము చేతబట్టి ఇచ్చిన మాట

“దిగు,” అంది లమారా.

ఎలిజ్బార్ దిగలేదు. ఫోన్ అతని ఒళ్లోనే ఉంది. తెలావీ స్నేహితుడు జుంబెర్ మాట్లాడటం ఆపి చాలాసేపయినా, కారులో ఉన్న ముగ్గురికీ ఆ గొంతు ఇంకా వినబడుతున్నట్టే ఉంది. సోమవారం తవ్వేవాళ్లని పంపిస్తున్నానన్నా, నీ చెయ్యి చల్లగా ఉండాలన్నా, మీ మామగారి వైన్ బానల్ని నా హోటల్ గేటు దగ్గర నిలబెట్టి పూలమొక్కలు వేస్తానన్నా అంటూ ఎంత సంబరంగా చెప్పాడో! కారులో స్పీకర్ పెట్టి ఉందని అతనికేం తెలుసు, పాపం.

లమారా సిగ్నాగీ కోటగోడ పక్కన, సరిగ్గా మలుపులో బండి ఆపేసింది. కింద అలజానీ లోయ అంతా ద్రాక్షతోటలు. వెనకాల టూరిస్టుల బస్సు హారన్ మోగిస్తోంది.

“అమ్మా, ఇక్కడ ఆపకూడదు,” అంది వెనక సీట్లోంచి తెక్లే.

“మోగించుకోనీ. ఎలిజ్బార్, అవి ఎవరి బానలు?”

“లమారా, ఇంటికెళ్లి నెమ్మదిగా మాట్లాడుకుందాం.”

“ఎవరి బానలని అడిగాను.”

“మీ నాన్నవి.”

“మా నాన్న పోయాక?”

“నీవి.”

“నావే కదా. మరి నువ్వెవరివి వాటిని దానం చెయ్యడానికి?”

ఎలిజ్బార్ సంగతి మీకు తెలియంది కాదు. కాఖేతీ సీమలో అతనంతటి తమాదా లేడు. విందులో బల్ల చివర నిలబడి, వైన్ నింపిన కొమ్ము చేతబట్టి, ఒక్కొక్క పేరు చెప్పి అందరిచేతా తాగించే పెద్దమనిషి తమాదా. ఎలిజ్బార్ నోరు తెరిస్తే పాతికేళ్లుగా పలకరించుకోని అన్నదమ్ములు కావిలించుకుని ఏడుస్తారు. ఇంట్లో మాత్రం ఆ నోరు ఉప్పు తక్కువైందని చెప్పడానికే తెరుచుకుంటుంది. ఇప్పుడు దానికీ తెరుచుకునేలా లేదు.

“ఎప్పుడిచ్చావు నాన్నా?” అంది తెక్లే.

“జుంబెర్ మనవడి బాప్తిస్మం విందులో.”

“అంటే వసంతంలో. నేను బ్యాంకు ఉద్యోగం మానేసింది వేసవిలో. తాతయ్య మరానీలో ఈ ఏటి నుంచి నేనే వైన్ చేస్తానని చెప్పినప్పుడు నువ్వు నన్ను దగ్గరికి తీసుకుని ఏడ్చావు. సంతోషంతో ఏడుస్తున్నావనుకున్నాను.”

తెక్లే పక్కన సీటు మీద బానలు తోమే బ్రష్షు ఉంది. చెర్రీ బెరడు మడతలు పెట్టి తనే కట్టుకుంది. కోతలకి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి. ఆ పాత మరానీలో, అంటే వైన్ చేసే కొట్టంలో, నేలలో పాతి ఉన్న బానల్లోకి దిగి తోమి, సున్నం పట్టించి, కొత్త రసం పొయ్యాలి. ఆ బానలు లేకపోతే ఆమెకు ఈ ఏడు పంట లేదు, ఉద్యోగమూ లేదు.

“ఇల్లు అమ్మ పేరు మీదే ఉందిగా,” అంది తెక్లే. “పోలీసులకి ఒక్క ఫోన్ చేస్తే చాలు.”

ఎలిజ్బార్ మొహం పాలిపోయింది. లమారా అది చూసింది.

“పోలీసులొస్తే బానలు మిగులుతాయి,” అంది. “మీ నాన్న మిగలడు. బల్ల దగ్గర ఇచ్చిన మాట పోలీసుని పెట్టి వెనక్కి లాగాడంటే ఇక ఈయన్ని ఎవడూ విందుకి పిలవడు. దారిలో ఎదురుపడితే తల తిప్పుకుంటారు. బల్ల దగ్గర పోయింది బల్ల దగ్గరే తెచ్చుకోవాలి.”

“అయితే వెనక్కి తిప్పు,” అన్నాడు ఎలిజ్బార్. “ఇంటికెళ్లిపోదాం. జుంబెర్‌తో నేను ఫోన్లో...”

“ముప్పై ఏళ్లుగా ఈ దారంతా తిప్పి చూపిస్తానంటున్నావు. ప్రతి ఏడూ ఎవడిదో ఒకడిది పెళ్లి అడ్డొచ్చింది. లైసెన్సు నేను తెచ్చుకున్నాను, బండి నేను నడుపుతున్నాను. అనుకున్నట్టే వెళ్తాం. రేపు లగోదేఖీ అడవి. ఆదివారం తెలావీలో జుంబెర్ ఇంట్లో భోజనం. పిలిచాడుగా.”

“ఇంత జరిగాక నీకు తిరగాలని ఉందా?”

“లేదు. అయినా తిరుగుతాను.”

బస్సు డ్రైవర్ దిగి వచ్చి కిటికీ మీద తట్టాడు. లమారా అతనికి దండం పెట్టి బండి ముందుకు పోనిచ్చింది.

*

లగోదేఖీ అడవిలో దారి వాగు వెంటే పోతుంది. అడ్డంగా పడిన దుంగల మీద నుంచి వాగును మాటిమాటికీ దాటాలి. తెక్లే ముందు నడిచింది. వెనక భార్యాభర్తలిద్దరూ మధ్యలో ఇంకో మనిషి పట్టేంత దూరం పెట్టుకుని నడిచారు.

ఒక దుంగ మీద ఎలిజ్బార్ కాలు జారింది. లమారా చెయ్యి అందించింది. దాటాక వదిలేసింది.

జలపాతం దగ్గర కూర్చున్నాక లమారా సంచీ విప్పి రొట్టె, జున్ను, టమాటాలు తీసింది. భర్త వాటా భర్తకి పెట్టింది. కోపం ఎంతున్నా తిండి దగ్గర చూపించే మనిషి కాదు.

“వాడు ఏడ్చాడు లమారా,” అన్నాడు ఎలిజ్బార్ నీళ్లకేసి చూస్తూ.

“ఎవరు?”

“జుంబెర్. ఆ విందులో పూర్వీకుల పేర తాగుతున్నాం. తాగుడు మీద మాస్కో సర్కారు కత్తి కట్టిన రోజుల్లో వాళ్ల మరానీలో బానల్ని వాళ్ల నాన్న చేతే పగలగొట్టించారట. ఆ సమ్మెట ఇంకా అటక మీద ఉందట. నా మనవడికి చూపించడానికి ఒక్క బానైనా లేదన్నా అని ఏడ్చాడు. నా చేతిలో కొమ్ముంది. నా గుండె కరిగిపోయింది.”

“నీ గుండె ఎప్పుడు కరిగినా నా వస్తువుల మీదే కరుగుతుంది. మా అమ్మ తివాచీ ఏమైంది? క్వారెలీ ఊళ్లో పెళ్లికొడుక్కి పోయింది. తెక్లే ఉయ్యాల? నీతో సైన్యంలో ఉన్నవాడికి పోయింది. నీ తుపాకీ మీద ఒక్కసారైనా కరిగిందా?”

ఎలిజ్బార్‌ చేతిలోని రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

“ఆ సర్కారు మనుషులొచ్చి మా ఊరి బానలూ పగలగొట్టారు,” అంది లమారా. ఈసారి గొంతు తగ్గింది. “మా నాన్న ముందు రోజే మూతులు మూసి, పైన మట్టి కప్పి, బంగాళాదుంపలు నాటాడు. వాళ్లు మరానీలో నిలబడి, ఇక్కడ దుంపలెందుకు వేశావయ్యా అని అడిగారు. వానకి తడవకుండా ఉంటాయని చెప్పాడు. నేనూ అక్కడే ఉన్నాను. నవ్వొస్తుంటే నోట్లో తలగుడ్డ కుక్కుకున్నాను. నువ్విచ్చింది ఆ బానల్ని.”

నీళ్లు పడుతూనే ఉన్నాయి. దూరంగా తెక్లే రాళ్ల మీద కూర్చుని కాళ్లు తడుపుకుంటోంది.

“నన్నేం చెయ్యమంటావు?” అన్నాడు ఎలిజ్బార్.

“ఆదివారం జుంబెర్ నిన్నే తమాదాగా పెడతాడు. పూర్వీకుల పేర తాగేటప్పుడు అలావెర్ది నాకివ్వు.”

అలావెర్ది అంటూ తమాదా ఎవరి పేరు చెబితే వాళ్లు లేచి ఆ మాట అందుకోవాలి, కొమ్ము ఖాళీ చెయ్యాలి. కొత్తకాలం ఇళ్లలో ఆడవాళ్లూ అందుకుంటున్నారు. జుంబెర్ బల్ల దగ్గర ఇంతవరకు ఏ ఆడమనిషీ అందుకోలేదు.

“అంతమంది మగాళ్ల ముందు నీకా?”

“నాకే.”

“ఏం చెప్తావు?”

“అది నా పని. పేరు పలకడం నీ పని. అదొక్కటే అడుగుతున్నాను. చేస్తావా?”

ఎలిజ్బార్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. చేస్తాననీ అనలేదు, చెయ్యననీ అనలేదు. తిరుగుదారిలో దుంగలు వదిలేసి బూట్లతోనే వాగులో దిగి నడిచాడు.

*

ఆదివారం తెలావీలో పాతబజారు చెక్క బాల్కనీల కింద బండి ఆగగానే జుంబెర్ చేతులు చాపుకుని ఎదురొచ్చాడు.

“వదినా! నువ్వు బండి నడిపినా మా అన్న బతికి బయటపడ్డాడే!”

“బతకడం ఇంకా అవలేదు మరిదీ. సాయంత్రం దాకా ఉందిగా.”

జుంబెర్ పగలబడి నవ్వాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే లమారా పని సగం తేలికయ్యేది. తెక్లేని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు, ఎలిజ్బార్‌ని వాటేసుకుని పైకెత్తాడు. ఇంటికి ఆనుకునే ఉన్న కొత్త హోటల్ గేటుకు రెండు వైపులా గోతులు తీసి ఉన్నాయి. పక్కనే ఎర్రమట్టి కుప్ప, తొట్లలో బంతి మొక్కలు. తెక్లే అవి చూసి తల్లి వైపు చూసింది.

“పదవే,” అంది లమారా.

పెరట్లో బల్ల పొడుగ్గా వేశారు. ద్రాక్ష కట్టెల మీద మాంసం కాలుతోంది. జుంబెర్ భార్య ఎతేరీ లమారాని చూడగానే చేతికి వంకాయల పళ్లెం ఇచ్చింది. ఆడవాళ్లకి బల్ల రెండో కొసన చోటుంది గాని, ఎతేరీ పెళ్లయి ఇన్నేళ్లలో ఆ చోట ఒక విందు పూర్తయ్యేదాకా కూర్చుని ఎరగదు.

అనుకున్నట్టే ఎలిజ్బార్‌ని తమాదాగా పెట్టారు. దేవుడి పేర తాగారు, శాంతి పేర తాగారు, దేశం పేర తాగారు. ఎలిజ్బార్ గొంతు బాగానే పలికింది. మెడ మీద మాత్రం చెమట కారుతోంది. పూర్వీకుల వంతు వచ్చేసరికి జుంబెర్ లేచి వెండి కట్టిన పెద్ద కొమ్ము తెచ్చి నింపించాడు.

ఎలిజ్బార్ కొమ్ము పట్టుకుని నిలబడ్డాడు. మట్టి గురించి చెప్పాడు, మట్టిలో ఉన్నవాళ్ల గురించి చెప్పాడు. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. తాగాడు. మళ్లీ నింపించాడు.

“అలావెర్ది...” అని ఆగాడు.

లమారా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అతను ఆమె వైపే చూశాడు. ఒక్క క్షణం చూసి, కళ్లు దించుకున్నాడు.

“... జుంబెర్‌కి.”

లమారాకి ఒళ్లంతా మండింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఈయన తనకి చేసిన అవమానాల్లో ఇంత చిన్నదీ లేదు, ఇంత నొప్పి పెట్టిందీ లేదు.

జుంబెర్ కొమ్ము అందుకుని, ఎలిజ్బార్ భుజం మీద చెయ్యి వేసి, మా ఇంటికి మళ్లీ మట్టివాసన తెచ్చిన మా అన్న, మా అన్న ఇచ్చిన మాట అంటూ చెప్పుకుపోయాడు. తాగాడు. అందరూ “గౌమార్జోస్! జయం!” అని కేక పెట్టారు.

ఆ కేక సద్దుమణగక ముందే లమారా వంకాయల పళ్లెం ఎతేరీ చేతిలో పెట్టేసింది. కారు తాళాలు తీసి తెక్లేకిచ్చింది.

“నువ్వు తాగలేదుగా?”

“లేదమ్మా.”

“తాగకు.”

బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“తమాదా, నాకు మాట కావాలి.”

బల్ల దగ్గర తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఎలిజ్బార్ తిరిగి తన చేతికొచ్చిన ఖాళీ కొమ్ములోకి చూస్తున్నాడు. తమాదా సెలవు లేనిదే బల్ల దగ్గర ఎవరూ మాట్లాడకూడదు. సెలవివ్వకపోతే లమారా వంటింట్లోకి వెళ్లాల్సిందే.

“అలావెర్ది లమారాకి,” అన్నాడు చివరికి.

“వినపళ్లేదన్నా!” అన్నాడు జుంబెర్ నవ్వుతూ. “గట్టిగా చెప్పు!”

ఎలిజ్బార్ తలెత్తాడు. “అలావెర్ది లమారాకి!” అని పెరడంతా వినబడేట్టు చెప్పాడు.

మళ్లీ నింపిన కొమ్మును లమారా రెండు చేతులా పట్టుకుంది.

“మా నాన్న పేర తాగుతున్నాను. బానలు దాచి దుంపలు పండించిన మనిషి. జుంబెర్ వాళ్ల నాన్న పేర తాగుతున్నాను. తన బానలు తన చేత్తో పగలగొట్టుకున్న మనిషి. ఇద్దరిదీ ఒకటే దుఃఖం. మొన్న వసంతంలో ఈ బల్ల దగ్గర మా ఆయన గొప్ప మనసుతో మా నాన్న బానల్ని జుంబెర్‌కి ఇచ్చేశాడు. అప్పుడు నేను లోపల పిండి ముద్దలు చుడుతున్నాను. నన్నెవరూ అడగలేదు. ఫరవాలేదు. నాక్కూడా గొప్ప మనసుంది.”

పక్కింటి గీగో వైపు తిరిగింది. గీగో చర్చిలో పాడే ముసలాయన.

“గీగో బాబాయ్, వానొస్తే నీ ఇల్లు కారుతుందట కదా?”

“ఎందుకు కారదమ్మా! మంచం మీద గొడుగేసుకుని పడుకుంటున్నాను.”

“ఇకనుంచి అక్కర్లేదు. మా నాన్న సాక్షిగా, ఈ కొమ్ము సాక్షిగా, జుంబెర్ హోటల్ నీకిచ్చేశాను. చల్లగా ఉండు.”

అని కొమ్మెత్తి గుక్క తిప్పుకోకుండా తాగి, బోర్లించింది. చుక్క రాలలేదు.

బల్లంతా విరగబడి నవ్వింది. గీగో లేచి నిలబడి, “ఏ గది నాది?” అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది జుంబెరే. కాసేపటికి తనొక్కడే నవ్వుతున్నాడని అతనికి తెలిసింది.

“వదినా, సరదాకే కదా...”

“సరదా ఎక్కడిది మరిదీ? కొమ్ము చేతబట్టి అన్నాను. అడుగంటా తాగాను. ఇంతమంది విన్నారు.”

“నా హోటల్ నువ్వెట్లా ఇస్తావు?”

“నా బానలు ఎలిజ్బార్ ఎట్లా ఇచ్చాడు?”

వంటింటి గుమ్మంలో ఎతేరీ కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. అదే జుంబెర్‌కి గుచ్చుకుంది. మొహం కందగడ్డలా అయింది.

“ఆడదాని మాట కొమ్ము మీద చెల్లదు,” అన్నాడు. “ఏం అన్నా? తమాదావి నువ్వు. నువ్వే చెప్పు. చెల్లుతుందా, చెల్లదా?”

అందరి చూపూ ఎలిజ్బార్ మీదికి మళ్లింది. చెల్లదంటే పెళ్లాం పోతుంది. చెల్లుతుందంటే ఇన్నేళ్ల పేరు పోతుంది. అతను బల్ల అంచు పట్టుకున్నాడు.

“నా మాట ఎంత చెల్లుతుందో ఆమె మాటా అంతే చెల్లుతుంది,” అన్నాడు. “ఆమె తనది కానిది ఇచ్చింది. తమ్ముడూ, నేనూ నాది కానిదే ఇచ్చాను. నీ ఏడుపు చూసి ఇచ్చాను, అబద్ధం కాదు. కానీ అది నా సొత్తు కాదు. మాట వెనక్కి తీసుకుంటున్నాను. మాట తప్పినవాడు ఈ బల్ల చివర నిలబడకూడదు.”

లమారా చేతిలోని కొమ్ము తీసుకుని, ఇక తమాదావి నువ్వే అన్నట్టు గీగో ముందు పెట్టి, వచ్చి లమారా పక్కన నిలబడ్డాడు. ఇందాక ఒళ్లు మండించిన ఆ మనిషే ఇప్పుడు ఆమెకు ఎంతో ముద్దొచ్చాడు. కోపం పోలేదు. రెండూ ఉన్నాయి.

జుంబెర్ అరుస్తాడనుకున్నారు. అతను అరవలేదు. మెల్లగా కూర్చున్నాడు.

“ఆలస్యమైపోయిందన్నా,” అన్నాడు. “సోమవారం వానట. అందుకని తవ్వేవాళ్లని ఇవాళ పొద్దున్నే పంపించేశాను.”

ఎవరూ ఏమీ అనకముందే గేటు దగ్గర లారీ ఆగిన చప్పుడైంది.

అందరూ అటు పరిగెత్తారు. లారీలో గడ్డి మీద తాళ్లు బిగించి ఒక బాన పడుకోబెట్టి ఉంది, ఇంకా తడిమట్టితో. లమారా పుట్టకముందు నుంచీ నేలలో ఉన్న బాన. దాని పొట్ట ఇంత పెద్దదని ఆమెకే తెలియదు. ఎప్పుడూ మూతి తప్ప చూసింది లేదు.

తెక్లే లారీ ఎక్కింది. చెవి ఆనించి వేలి కణుపుతో మూతి దగ్గర కొట్టింది. ఖంగుమంది. నడుం దగ్గర కొట్టింది. ఖంగుమంది. మోకాళ్ల మీద జరిగి అడుగు దగ్గర కొట్టింది. పుచ్చకాయ మీద కొట్టినట్టు మొద్దుగా మోగింది. ఇంకోసారి కొట్టింది. అదే చప్పుడు.

“పగిలింది,” అంది తెక్లే.

ఎలిజ్బార్ మట్టికుప్ప మీద కూలబడ్డాడు. లమారా అతని వైపు చూడలేదు. డ్రైవర్ వైపు తిరిగింది.

“మిగతావి?”

“నేలలోనే ఉన్నాయమ్మా. రెండోది సగం దాకా తవ్వారు. జుంబెర్ గారు చెబితే తప్ప ఆపరు.”

లమారా జుంబెర్ ముందుకు వెళ్లి నిలబడింది. అతను పగిలిన బానకేసి చూస్తున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. జేబులోంచి ఫోన్ తీశాడు గాని నొక్కలేదు. వెనక ఇరవై మంది నిలబడి, ఒక ఆడది జుంబెర్‌ని ఎట్లా వంచుతుందా అని చూస్తున్నారు. అతనికి అదీ తెలుసు.

“మీ నాన్న సమ్మెట పట్టుకున్నప్పుడు పక్కన వద్దని చెప్పేవాళ్లు లేరు మరిదీ,” అంది లమారా. “నీకు నేను చెబుతున్నాను. ఆపించు. ఇప్పుడు చేతిలో కొమ్ము లేదుగా, ఉత్తచేతులతోనే ఒక మాట చెప్పు.”

జుంబెర్ వేలు ఫోన్ మీదే ఆగి ఉంది.